యాచారము రైతుల ఓరిమి

ఇబ్రహీంపట్నము చెంత, యాచారము మండలమున మేడిపల్లి, కుర్మిద్ద, తాటిపర్తి, నానక్‌నగర్ రైతులు ఏండ్ల తరబడి ఫార్మా సిటీని ప్రతిఘటించిరి. దానికి సుమారు 19,000 ఎకరములు కావలెనఁట! మందుల కార్ఖానాల మురుగు పటాన్‌చెరువు చెంత నక్కవాగు నేమి చేసినదో లోక మెఱుఁగును. వాతావరణము మారి వానలు అదను తప్పుచున్నవి. ఆ తప్పు మెట్టసేద్యగానిది కాదు. ఉన్న చెరువును, పచ్చికబీడును గూడ పోఁగొట్టుకొన్నచో వాఁడెట్లు బ్రదుకును? ఆ మందులు కొనెడు పట్టణవాసులమైన మన మీ ప్రశ్నను తప్పించుకొనఁజాలము.

2023లో ఉన్నత న్యాయస్థానము మేడిపల్లి, కుర్మిద్ద భూసేకరణ ప్రకటనలను కొట్టివైచినది. 2024లో ఫ్యూచర్ సిటీ యను క్రొత్త పేరు వినవచ్చినది. పేరు మారినంతనే భయము తీఱునా? ఏ సర్వే నంబరును విడుచునో, దేనిని కోరునో ప్రభుత్వము ఆ రైతుల యెదుటఁ గూర్చుండి వ్రాతమూలకముగఁ జెప్పవలెనని మేము కోరుచున్నాము.