లాటిను చదువును మన పిల్లలును

బెంగుళూరునందలి బిషప్ కాటన్ బాలుర పాఠశాల 1865లో వెలసినది. దాని ధ్యేయవాక్యము లాటిను భాషలోనిది: ‘నెక్ డెక్‌స్ట్రోర్సుమ్ నెక్ సినిస్ట్రోర్సుమ్’. కుడికిగాని యెడమకుగాని తొలగక యని భావము. సెంట్ జోసఫ్ బాలుర ఉన్నత పాఠశాల వాక్యము ‘ఫిదే ఎత్ లబోరే’, అనగా విశ్వాసముతోడను శ్రమతోడను. ఈ నగరమున ఉద్యోగములు చేయు తెలుగువారి బిడ్డలును ఇట్టి వాక్యములను రొమ్ముపై ధరించి బడికి పోవుచున్నారు. వాని యర్థము చెప్పగలవారు కొందఱుందురు. పదమును విడదీసి చూచినవారు అరుదు.

చూచినచో విశేషము కలదు. ‘డెక్‌స్టెర్’ అనగా కుడి. మన దక్షిణహస్తమునందలి దక్షిణ శబ్దమునకు తోబుట్టువు. ‘నెక్’ అనునది సంస్కృతమునందలి ‘న చ’కు జంట. అగ్ని వారికి ‘ఇగ్నిస్’. ఈ బాంధవ్యమును తొలుత గుర్తించినవారిలో గాస్తాన్ కూర్దూ యను ఫ్రెంచి జెసూట్ గురువొకడు. తెలుగు, ఫ్రెంచి, సంస్కృత నిఘంటువును కూర్చినవాడాయనయే. 1767లోనే పారిస్ పండితులకు ఈ పోలికలను గూర్చి వ్రాసెను. విలియం జోన్సు కలకత్తా ప్రసంగము 1786 నాటిది. కూర్దూ లేఖ 1808 వఱకు అచ్చుపడకపోవుటచే కీర్తి జోన్సును వరించినది.

లాటిను వలన ఉద్యోగము వచ్చునా యని తండ్రులడుగుదురు. రాదు. అయినను మన పూర్వచరిత్రలో కొంత భాగము ఆ భాషయందే నిక్షిప్తమై యున్నది. మొదటి శతాబ్దమునాటి ప్లినీ తన ప్రకృతిచరిత్ర ఆఱవ భాగమున ఆంధ్రులను ‘అందరే’ యని పేర్కొని, వారికి ప్రాకారములు గల 30 పట్టణములును, లక్ష కాల్బలమును, 2,000 గుఱ్ఱములును, 1,000 ఏనుగులును గలవని వ్రాసినాడు. ఏటేట 5 కోట్ల సెస్టెర్సుల ధనము భారతదేశమునకు తరలిపోవుచున్నదని ఆ భాగముననే మొఱపెట్టుకొన్నాడు. 1891లో ఈ నగరపు యశ్వంతపురముననే రోమకుల వెండినాణెములు బయల్పడినవి. ఆ మొఱకు ఇంతకంటె సాక్ష్యమేల?

కావున ఎనిమిదవ తరగతిలో, వారమునకు రెండు గంటల చొప్పున, కోరినవారికి ఒక్క సంవత్సరము ప్రారంభ లాటిను నేర్పవలెను. పరీక్ష వలదు. రోమకుల విజయయాత్రలు, రాజమార్గములు మాత్రమే చెప్పి యూరకుండరాదు. వారి యిండ్లలో పిల్లలను బడికి తోడుకొనిపోయినవాడు సైతము బానిసయే యనియు చెప్పవలెను. సామ్రాజ్యముల రుచి మనమెఱుగనిది కాదు.

ఒక్క నియమము. లాటినున విభక్తులు సంబోధనతో కలిపి ఆఱు. ఆంగ్లము మాత్రమే యెఱిగిన బాలునికి పదాంతము మాఱిన అర్థము మాఱుట వింతగా తోచును. తెలుగు వేఱు భాషాకుటుంబమునకు చెందినదైనను, ‘రామునికి’, ‘రామునితో’ అను రూపములు చదివిన బాలునికి అది యింటి సంగతి. ఆ నిచ్చెనను మన తండ్రులే తీసివేయుచున్నారు. మార్కులు తక్కువగునని తెలుగు మానిపించి ఫ్రెంచిలో చేర్చువారిని ఈ నగరమున నిత్యము చూచుచున్నాము. తెలుగునకు బదులుగా లాటిను కోరు తండ్రి వచ్చెనేని, ప్రధానోపాధ్యాయుడు ఆ దరఖాస్తును త్రిప్పి పంపవలెను.