తీరిక వేళ: కనబడుతున్నదా?

ఈ శీర్షికలో సాధారణంగా మన వృత్తితో సంబంధం లేని విషయాలనే ముచ్చటిస్తూ వస్తున్నాను. ‘తీరిక వేళ’ అని పేరు పెట్టుకొన్నందుకు అదే న్యాయం. ఈసారి మాత్రం తీరికగా మొదలైన సంగతి తిరిగి తిరిగి వృత్తి దగ్గరకే వచ్చి చేరింది. పాఠక మిత్రులు మన్నించగలరు.

తిరుపతి జిల్లా సూళ్ళూరుపేటలో ఏటా శీతకాలంలో ఫ్లెమింగో పండుగ జరుగుతుందని చాలామందికి తెలిసే ఉంటుంది. ఊరివారు దానిని పక్షుల పండుగ అంటారు. ఒక వైపు పులికాట్ సరస్సు. మన దేశంలోని ఉప్పునీటి సరస్సులలో చిలికా తరువాత పెద్దది అదే. మరొక వైపు, జాతీయ రహదారికి చేరువలో, నేలపట్టు చెరువు. 1976లో రక్షిత ప్రాంతంగా ప్రకటింపబడిన ఆ చెరువులోని కడప చెట్ల మీద గూడబాతులు ఏటేటా గూళ్ళు కట్టి పిల్లలను పెంచుతాయి. 2025 జనవరిలో జరిగిన పండుగలో మా పక్షి వీక్షకుల సంఘం ఒక బల్ల వేసింది. ఆ బల్ల వద్ద కూర్చుని వచ్చిన వారికి నాలుగు మాటలు చెప్పవలసిన వంతు నాకు వచ్చింది. మూడు దినాలు సెలవు పెట్టి వెళ్ళాను.

మా సరంజామా స్వల్పమే. పక్షుల చిత్రపటాలు పన్నెండు, రెండు జతల బైనాక్యులర్లు, ముక్కాలిపీట మీద నిలిపిన ఒక దూరదర్శిని, పంచిపెట్టడానికి కరపత్రాలు. మైదానం అంచున ఒక స్తంభం మీద గరుడపక్షి ఒకటి తరచు వచ్చి వాలుతుండేది. దానినే అందరికీ చూపించాలని నిశ్చయించుకొన్నాం.

మొదటి దినం మధ్యాహ్నానికి నేను ఎంతో సంతృప్తిగా ఉన్నాను. వచ్చినవారికి బైనాక్యులర్లు అందించడం, “కనబడుతున్నదా?” అని అడగడం, “కనబడింది సార్” అని వారు అనడం, కరపత్రం ఇచ్చి పంపడం. కర్మాగారంలో కన్వేయర్ బెల్టు సాగినట్లు పని సాగిపోయింది. ఇంతలో ఎనిమిదేళ్ళ బాలిక ఒకతె బైనాక్యులర్లు దించి, “నాకేమీ కనబడలేదంకుల్. రెండు నల్లటి గుండ్రాలు కనబడ్డాయి” అన్నది. వెనుక నిలిచి ఉన్న తల్లి, “కనబడిందని చెప్పవే, సార్ అంత ఓపికగా చూపిస్తుంటే!” అని మందలించింది.

సంగతి అప్పుడు బోధపడింది. పిల్లల కళ్ళ మధ్య దూరం పెద్దల కళ్ళ మధ్య దూరం కంటె తక్కువ. బైనాక్యులర్ల రెండు గొట్టాలను మధ్యనున్న మడతబందు వద్ద దగ్గరకు వంచకపోతే పిల్లలకు బొమ్మ కుదరదు. కళ్ళద్దాలు పెట్టుకొనేవారికి కంటి వద్దనున్న రబ్బరు అంచులను లోపలికి మడవాలి. లేకుంటే చూపు సన్నని సందులోనుంచి చూచినట్లు ఉంటుంది. దృష్టి మరలించే చక్రం ఎవరి కంటికి తగినట్లు వారు తిప్పుకోవాలి. ఇవన్నీ నాకు తెలిసినవే. అయినా ఉదయం నుంచి నేను వాటిని నా కంటికి సరిచేసి జనానికి అందిస్తున్నాను. వారు చూడకుండానే, నా మనసు నొప్పించలేక “కనబడింది” అంటూ వెళ్ళిపోయారు. ఆ ఉదయం గరుడను నిజంగా చూచినవారు ఎందరో దేవుడికే ఎరుక.

ఆ బాలిక కోసం గొట్టాలను వంచి, చక్రం తిప్పించి, మరల చూడమన్నాను. “అబ్బ! దాని తల తెల్లగా ఉంది, ఒళ్ళేమో ఇటుక రంగు!” అని అరిచింది. అటుతరువాత నేను “కనబడుతున్నదా?” అని అడగడం మానుకొన్నాను. “ఏ రంగు కనబడింది? ఎటు చూస్తున్నది?” అని అడగసాగాను. వరుస మెల్లగా కదిలింది. కరపత్రాలు మిగిలిపోయాయి. అయితేనేమి, వచ్చినవారు నిలబడి మాట్లాడడం మొదలుపెట్టారు.

నేలపట్టు వైపు నుంచి వచ్చిన రైతులు, గూడబాతుల రెట్ట కలిసిన చెరువు నీరు పారితే మడికి ఎరువు తక్కువ వేసినా చాలునని నాకు చెప్పారు. “పక్షుల వలన మనకేమి ప్రయోజనం?” అని అంతకు ముందే ఒక కళాశాల విద్యార్థి అడిగితే నేను పది నిమిషాలు ఉపన్యసించాను. ఆ రైతులు ఒక్క వాక్యంలో చెప్పినదే మేలుగా ఉన్నది.

రెండవ దినం సాయంత్రం ఒక బాలుడు వచ్చి, “తీగ మీద కూర్చున్న పిట్టకు షాక్ ఎందుకు కొట్టదు సార్?” అని అడిగాడు. ముప్పది ఏళ్ళుగా విద్యుత్ లైన్ల పనిలో ఉన్నవాడికి ఇంతకంటె ఇష్టమైన ప్రశ్న ఏముంటుంది? పిట్ట రెండు కాళ్ళూ ఒకే తీగ మీద ఉంటాయి, రెండింటి వద్ద వోల్టేజీ దాదాపు ఒకటే, అందువలన దాని శరీరం గుండా కరెంటు పారవలసిన అవసరం రాదని కాగితం మీద బొమ్మ గీసి చెప్పాను. రెక్కల వెడల్పు ఎక్కువగా ఉన్న పక్షి 11 కె.వి. స్తంభం మీద వాలి రెండు తీగలనో, తీగనూ ఇనుప అడ్డపట్టీనో ఒకేసారి తాకితే చనిపోతుందని, మన పెద్ద టవర్ల మీద తీగల మధ్య ఎడం చాలా ఎక్కువ కాబట్టి ఆ ప్రమాదం అంతగా లేదని కూడా చెప్పాను. చివరి మాట చెప్పేటప్పుడు నా గొంతులో కొంత గర్వం ధ్వనించి ఉంటుంది.

ప్రక్కన భుజాన తువ్వాలుతో ఒక పెద్దాయన నిలబడి ఇదంతా వింటున్నాడు. బాలుడు వెళ్ళిన తరువాత బల్ల మీది గూడబాతు పటం మీద వేలు పెట్టి అన్నాడు:

“కూర్చునేదానికి ఏం కాదు సార్, నిజమే. ఎగిరేదే చస్తుంది. మా చెరువు మీదగా పెద్ద టవర్ల లైను పోయుండాది. పొద్దుగూకి చీకటి పడేటప్పుడు, మంచు పట్టిన తెల్లారుజామున, కొట్టుకొని పడతాయి.”

“తీగలు అంత లావుగా ఉంటాయి గదా పెద్దాయనా, కనబడవా వాటికి?” అన్నాను.

“లావు తీగలు కనబడతాయి సార్. అవి చూసే పైకి లేస్తాయి. ఆ పైన ఒక సన్న తీగ ఉండాది చూడు, దానికి తగులుకుంటాయి. నేను గొర్రెలు కాసుకుంటా ఎన్ని తూర్లు చూశానో.”

“మరి కింద పడినవి ఎవరికీ కనబడవేమి?”

“తెల్లారేసరికి నక్కలూ కుక్కలూ ఉండనిస్తాయా?”

నాకు నోట మాట రాలేదు. ఆ సన్న తీగ ఏదో నాకంటె ఎవరికి తెలుసు? టవరు శిఖరాన పిడుగుల నుంచి లైనును కాపాడడానికి కట్టే ఎర్త్ వైర్ అది. 400 కె.వి. లైనులో మామూలుగా వాడే మూస్ కండక్టరు మందం సుమారు 32 మిల్లీమీటర్లు. పైగా ఒక్కొక్క ఫేజుకు రెండేసి తీగలు జంటగా సాగుతాయి. వాటిపైన ఒంటరిగా పోయే ఉక్కు ఎర్త్ వైర్ మందం సుమారు 11 మిల్లీమీటర్లు. కండక్టర్లను తప్పించుకోవడానికి పైకి లేచిన పక్షి సరిగ్గా దానికే ఎదురు పోతుంది. పక్షులు లైన్లను ఢీకొనడం మీద అనేక దేశాలలో పరిశోధనలు చేసినవారు కూడా ఈ మాటే వ్రాశారని ఇంటికి వచ్చి చదివిన తరువాత తెలిసింది. గొర్రెలు కాసుకొనే ఆ పెద్దాయన ఆ వ్రాతలేవీ చదవలేదు. లైను కింద నిలబడి చూచాడు, అంతే.

ఆ రాత్రి బసలో నిద్ర పట్టలేదు. మన ట్రిప్పింగ్ రిజిస్టరు కళ్ళ ముందు మెదిలింది. లైను ట్రిప్ అయిన ప్రతిసారీ తేదీ, వేళ, కారణం వ్రాస్తాము. కారణం గడిలో ‘పక్షి’ అన్న మాట నా చేతి మీదుగా ఎన్నోమార్లు పడింది. ఆ మాటతో విచారణ ముగిసేది, కింద సంతకం. అనగా మన లెక్కలో పక్షి ఒక దోషానికి కారణం మాత్రమే. ఎర్త్ వైరులో కరెంటు ప్రవహించదు కదా, దానిని ఢీకొని చనిపోయిన పక్షి వలన లైను ట్రిప్ కాదు. ట్రిప్ కానిది రిజిస్టరుకు ఎక్కదు. రిజిస్టరుకు ఎక్కనిది జరగనట్లే. ముప్పది ఏళ్ళు నేను బైనాక్యులర్లు నా కంటికే సరిచేసుకొని చూచాను. క్రింది ఉద్యోగులను “అంతా సవ్యమేనా?” అని అడిగాను. “సవ్యమే సార్” అన్నారు. ఆ బాలిక వలె ‘నాకేమీ కనబడలేదు’ అని చెప్పగలిగే వీలు వారికి నేను కల్పించలేదు.

విషయం చిన్నది కాదు. థార్ ఎడారిలో సుమారు 4,200 చదరపు కిలోమీటర్ల ప్రాంతంలో ఏటా దాదాపు 84,000 పక్షులు విద్యుత్ లైన్ల వలన చనిపోతున్నాయని భారత వన్యప్రాణి సంస్థ శాస్త్రజ్ఞులు అంచనా కట్టారు. అక్కడ మిగిలి ఉన్న బట్టమేకల పిట్టలకు అన్నిటికంటె పెద్ద ముప్పు ఈ లైన్లే. ఆ పక్షి బరువు పదిహేను కిలోల వరకు ఉంటుంది. ఎదుట అడ్డంకి కనబడినా చటుక్కున మలుపు తిరగలేదు. పైగా దాని వంటి పెద్ద పక్షులు ఎగురుతూ నేలను చూడడానికి తల వంచినప్పుడు ముందు దారి వాటి చూపులోనే ఉండదు. ఆడపక్షి సాధారణంగా ఏడాదికి ఒక్క గుడ్డు పెడుతుంది. పోయిన పక్షికి బదులు రావడం ఎంత కష్టమో ఊహించవచ్చును. ఈ పక్షి కోసమే 1988లో మన కర్నూలు సీమలో రోళ్ళపాడు అభయారణ్యాన్ని ఏర్పాటు చేశారు. పంటల మార్పు, గడ్డిభూముల క్షయం వంటి కారణాల వలన నేడు అక్కడ అది కనబడడం లేదు. రాజస్థాన్, గుజరాత్ లైన్లను భూగర్భంలోకి మార్చే విషయమై సుప్రీం కోర్టు 2021 ఏప్రిల్‌లో ఆదేశాలిచ్చి, 2024 మార్చిలో వాటిని సవరించి నిపుణుల సంఘాన్ని నియమించింది. సౌర విద్యుత్తు దేశానికి అవసరం, పక్షీ అవసరమే. రెండు పక్షాలలోనూ న్యాయం ఉన్నందువలననే ఆ వ్యాజ్యం అంత చిక్కుపడింది.

అన్ని చోట్లా భూగర్భ కేబుల్ వేయలేము. హెచ్చు వోల్టేజీల వద్ద దాని ఖర్చు ఓవర్‌హెడ్ లైనుకు ఎన్నో రెట్లు. సాంకేతిక పరిమితులూ ఉన్నవి. కానీ ఎర్త్ వైరుకు వరుసగా బర్డ్ డైవర్టర్లు తగిలించవచ్చును. అవి చుట్టలుగానో, గాలికి తిరిగే బిళ్ళలుగానో ఉంటాయి. కొన్ని రకాలు చీకటిలో కూడా మెరుస్తాయి. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ వీటికి సాంకేతిక ప్రమాణాలు వెలువరించింది. వీటివలన ప్రమాదం పూర్తిగా తొలగదు, తగ్గుతుంది. అన్ని స్పాన్లకూ అవసరం లేదు. చెరువులు, గడ్డిభూములు, పక్షులు రాకపోకలు సాగించే దారులకు అడ్డంగా ఉన్నవాటికి కడితే చాలును. ఏవి ఆ స్పాన్లు? అది మన నక్షాలలో లేదు. తువ్వాలు భుజాన వేసుకొన్న పెద్దాయనల వద్ద ఉన్నది.

తిరిగి వచ్చిన తరువాత మా విభాగంలోని పెట్రోలింగ్ పుస్తకంలో ఒక కొత్త గడి గీయించాను: ‘లైను కింద పక్షులు’. టవరు నంబరు, తేదీ, తెలిస్తే పక్షి పేరు, తెలియకపోతే రంగు, పరిమాణం. పక్షి కనబడినందుకు ఎవరినీ సంజాయిషీ అడగబోమని ముందే చెప్పాను. మూడు మాసాలు ఆ గడిలో ‘లేవు’ అనే వచ్చింది. వెనుకటి నేనైతే తృప్తిపడి ఉండేవాడిని. నాలుగవ మాసంలో ఒక లైన్‌మన్ నా గదికి వచ్చి, తలుపు వద్దనే నిలిచి, “సార్, ఇన్నాళ్ళూ చూడకుండానే లేవని వ్రాశాను. ఈ దినం తెల్లవారుజామునే వెళ్ళి చూశాను” అన్నాడు. చెరువు దాటే స్పాను కింద ఒక నత్తగుల్ల కొంగ, ఒక రెక్క విరిగి, పడి ఉన్నదట. నేను ఆయనను కూర్చోబెట్టి టీ తెప్పించాను. ఆ స్పానుకు డైవర్టర్లు కోరుతూ పంపిన ప్రతిపాదన ఇంకా పరిశీలనలో ఉన్నది.

మన సంస్థలో లైన్ల మీద పనిచేసే సోదరులకు ఒక విజ్ఞప్తి. ఈసారి పెట్రోలింగుకు వెళ్ళినప్పుడు ఇన్సులేటర్లతో పాటు ఒకమారు నేల వైపు కూడా చూడండి. వీలైతే నక్కల కంటె ముందే వెళ్ళండి. దగ్గరలో గొర్రెలు కాసేవారు, చేపలు పట్టేవారు కనబడితే రెండు నిమిషాలు మాట్లాడండి. రానున్న శీతకాలంలో పండుగ జరిగితే మా సంఘం మరల బల్ల వేస్తుంది. ఆసక్తి ఉన్నవారు నాతోపాటు రావచ్చును. బైనాక్యులర్లు మేమే ఇస్తాము; అయితే వాటిని ఎవరి కంటికి వారే సరిచేసుకోవాలి.