సబ్ వూఫరంటే కిటికీలు ఊపే డబ్బా కాదండీ

కాకినాడలో ఇదో తంతయిపోయింది. భానుగుడి నుంచి సర్పవరం దాకా లేచిన అపార్ట్‌మెంట్లలో, పిల్లలు హైదరాబాదు నుంచో అమెరికా నుంచో డబ్బులు పంపడం, హాల్లో హోమ్ థియేటర్ దిగడం. బిగించడానికొచ్చిన కుర్రాడు సబ్ వూఫర్ని మూలకి తోసి, వాల్యూమ్ ముప్పావు దాకా తిప్పి, ఓ ఫైట్ సీను పెట్టి "చూసేరాండీ, కిటికీలెలా ఊగుతున్నాయో" అంటాడు. ఇంటాయన మురిసిపోతాడు. కొన్నిళ్ళలో ఆ మూల కూడా వాస్తు ప్రకారమే, కరెంటు వస్తువు కాబట్టి ఆగ్నేయం!

మూలన పెడితే మోత పెరుగుతుంది, నిజమే. కానీ అన్ని స్వరాలూ సమానంగా పెరగవు. 12 అడుగుల గదిలో 47 హెర్ట్జ్ దగ్గర అలలు గోడల మధ్య చిక్కుకుని నిలబడిపోతాయి. గది 12కి 12 అయితే రెండువైపులా అదే లెక్క, ఇంక చెప్పక్కర్లేదు. డప్పయినా, బాంబయినా, లారీ అయినా ఒకటే "బుయ్య్". గోడవారన కూర్చున్నవాడికి చెవులు దిమ్మెక్కుతాయి, గది మధ్యలో ఉన్నవాడికి ఆ బేసే వినపడదు.

దీనికి పైసా ఖర్చక్కర్లేదు. సబ్ వూఫర్ని మీరు కూర్చునే చోట పెట్టి, బేస్ బాగా ఉన్న పాట వేసి, మీరు గోడల వెంట పాకండి (ఇంట్లోవాళ్ళు నవ్వితే నవ్వనివ్వండి). స్వరాలు ఎక్కడ విడివిడిగా వినిపిస్తే డబ్బా అక్కడికి మార్చండి. రిసీవర్ సబ్ అవుట్ నుంచి ఎల్ఎఫ్ఈ సాకెట్‌కి ఒక్కటే కేబుల్. చిన్న స్పీకర్లని మెనూలో 'స్మాల్' అని పెట్టి, క్రాసోవర్ 80 హెర్ట్జ్ దగ్గర మొదలెట్టండి. సబ్ వెనకున్న క్రాసోవర్ నాబ్ మాత్రం చివరిదాకా తిప్పెయ్యాలి, లేకపోతే ఒకే ఫిల్టర్ రెండుసార్లు పడుతుంది. ఆఫీసులో ఒకే కండిషన్ రెండుచోట్ల రాసినవాణ్ణి రివ్యూలో తినేస్తాం, ఇంట్లో మాత్రం ఊరుకుంటాం! ఫేజ్ స్విచ్ 0, 180 రెండూ వేసి చూసి, ఏది నిండుగా ఉంటే అది ఉంచండి. ఆ '.1' ఛానెల్‌కి సినిమావాళ్ళు ముందే 10 డెసిబెళ్ళు ఎక్కువిచ్చారు, పైన మన దానధర్మాలు అక్కర్లేదు.

ఇదంతా మీ ఇంటి సంగతి. కింది ఫ్లాట్ మాటేంటి? బేస్ శ్లాబులోంచి సుబ్బరంగా దిగిపోతుంది. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం నివాస ప్రాంతంలో రాత్రి పరిమితి 45 డెసిబెళ్ళు. అయితే అది 'ఎ' స్కేలు మీద లెక్క. ఆ స్కేలు 50 హెర్ట్జ్ దగ్గర దాదాపు 30 తీసేస్తుంది. అంటే కింద 75 డెసిబెళ్ళతో దడదడలాడుతున్నా మీటరు 45 అనే అంటుంది. నిద్రమాత్ర వేసుకుని పడుకున్న పెద్దాయన ఎవరికి చెప్పుకోవాలి? చట్టానికి వినపడదు, మీకేమో మూడ్ పాడవుతుంది. చాలా రిసీవర్లలో నైట్ మోడ్ ఉంటుంది, దాన్ని వాడేవాళ్ళు ఎంతమంది? కిందకెళ్ళి తలుపు కొట్టి "మా మోత వినిపిస్తోందాండీ?" అని ఎప్పుడైనా అడిగారా?