పాత పుస్తకాలు కాటాకేనా?

ఏప్రిల్ నెలాఖరున పరీక్షలు అయిపోగానే మన హాస్టల్ గేటు ముందు పాత పేపర్లు కొనే ఆయన కాటా దించుతాడు. పది నెలలు రాసిన నోటు పుస్తకాలు, పెన్సిలుతో గీతలు గీసుకున్న గైడ్లు, సిలబస్ మారి ఎవరికీ అక్కరకు రాని పాఠ్యపుస్తకాలు అన్నీ కిలోల లెక్కన వెళ్ళిపోతాయి. వచ్చిన డబ్బులతో ఆ సాయంత్రం సమోసాలు, సోడాలు. దాన్ని మేము తప్పు పట్టడం లేదు. మేమూ ఆ సమోసాలు తిన్నవాళ్ళమే. కానీ ఆ మోపులో కొన్ని పుస్తకాలకు ఇంకా పని ఉందని, ఆ పని మన చేతుల్లోనే ఉందని పూర్వ విద్యార్థులుగా ఈ వార్షికోత్సవ సంచికలో చెప్పదలచుకున్నాం. కొన్ని ఆదివారాలు హాస్టల్‌కు వచ్చి తమ్ముళ్ళతో కూర్చుని చేసి చూసిన తర్వాతే ఇది రాస్తున్నాం.

ఒక పాత పుస్తకాన్ని తీసుకుని, దాని పేజీలపై రంగులు వేసి, బొమ్మలు గీసి, కొన్ని మాటలు కప్పి కొన్ని మిగిల్చి, గుడ్డ ముక్కలు, బస్సు టికెట్లు, దారాలు, ఆకులు అంటించి, కిటికీల్లాగా కోసి వేరే పుస్తకంగా మార్చడాన్ని ఇంగ్లీషులో ఆల్టర్డ్ బుక్ అంటారు. మన సౌకర్యం కోసం దాన్ని మారు పుస్తకం అందాం. ఇది కొత్త కాగితంపై చేసే బొమ్మల పుస్తకం కాదు. కింద అచ్చు అలాగే ఉంటుంది, పైన మనం ఉంటాం.

దీనికి అందరూ చెప్పే ఉదాహరణ ఇంగ్లండు చిత్రకారుడు టామ్ ఫిలిప్స్. 1966లో ఆయన లండన్‌లోని పెకమ్ రై అనే చోట ఒక పాత సామాన్ల దుకాణంలో మూడు పెన్నీలకు ఒక నవల కొన్నారు. అది 1892లో మాలక్ అనే ఆయన రాసిన 'ఎ హ్యూమన్ డాక్యుమెంట్'. మూడు పెన్నీలకు ఏది దొరికితే దానితోనే పని చేస్తానని ముందే నియమం పెట్టుకున్నారట. ఆ నవల ప్రతి పేజీ మీద బొమ్మ వేసి, కొన్ని మాటలు మాత్రమే బయటికి కనిపించేలా వదిలి దాన్ని వేరే కథగా మార్చారు. పేజీని మడిచినప్పుడు పైన ఉన్న పేరులో మధ్య అక్షరాలు దాగిపోయి 'ఎ హ్యుముమెంట్' అని కనిపించింది. అదే పుస్తకం పేరయింది. 1980లో పెద్ద ప్రచురణ సంస్థ దాన్ని అచ్చు వేసింది. అంతటితో ఆగక పాత పేజీలను మళ్ళీ మళ్ళీ కొత్తగా చేస్తూ 2016లో ఆఖరి కూర్పు తెచ్చారు. అంటే ఒక్క పుస్తకం మీద 50 ఏళ్ళు! 2022లో చనిపోయారు. పెద్ద కళాకారుడి సంగతి మనకెందుకు అనుకోవద్దు. ఆయన పెట్టుబడి మూడు పెన్నీలు. మన పెట్టుబడి అంత కూడా కాదు.

ఆయన చేసిన ఇంకొక చమత్కారం మాకు బాగా నచ్చింది. 'టుగెదర్' అనే మాటలో నాలుగు అక్షరాలు మిగిల్చి మిగతావి కప్పేసి దాన్ని తన కథానాయకుడికి పేరుగా పెట్టారు. ఆ మాట పాత నవలలో ఏ పేజీలో ఉంటే ఆ పేజీలోనే కథానాయకుడు కనబడతాడు. తెలుగులో ఇలాంటిది వీలవుతుందా అని మేము అనుకున్నాం. ఒక ఎనిమిదో తరగతి తమ్ముడు చేసి చూపించాడు. పాత గైడు పేజీలో 'అవమానము' అనే మాట ఉంది. మొదటి రెండు అక్షరాల మీద బొగ్గు రాసేశాడు. 'మానము' మిగిలింది. లెక్కల పుస్తకంలో ప్రతి పేజీలోనూ ఉండే 'సమానము'లో మొదటి అక్షరం కప్పినా అదే మాట వస్తుందని వెంటనే ఇంకొకడు అందుకున్నాడు. 'అనుమతి'లోంచి 'మతి' తీసినవాడు ఒకడు. ఆ గంటలో వాళ్ళు తెలుగు మాటల్ని చూసినంత దగ్గరగా మేము పదో తరగతి మొత్తంలో చూడలేదు.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది. పుస్తకం సరస్వతి కదా, కాలు తగిలితేనే కళ్ళకద్దుకుంటాం కదా, దాన్ని కోయడమేమిటని కొందరు పెద్దలు అన్నారు. అన్నవాళ్ళ మీద మాకు గౌరవం ఉంది. ముఖ్యంగా మన ఇళ్ళలో అమ్మానాన్నలకు చదువు లేదు. పుస్తకమంటే వాళ్ళకు భయం, భక్తి రెండూ. తరాల పాటు మనవాళ్ళను అక్షరానికి దూరంగా ఉంచారు కాబట్టి చేతికందిన పుస్తకాన్ని అపురూపంగా చూసుకోవడం సహజం. కానీ అంబేద్కర్ గారిని చూడండి. పుస్తకాల కోసమే బొంబాయి దాదర్‌లో రాజగృహ అనే ఇల్లు కట్టుకున్నారు. ఆయనే 1927 డిసెంబరు 25న మహద్‌లో మనుస్మృతిని తగలబెట్టించారు. పుస్తకాన్ని ప్రేమించడం వేరు, పుస్తకానికి భయపడటం వేరని ఆయనకు తెలుసు. మేము తగలబెట్టమనడం లేదు. పుస్తకంతో మాట్లాడమంటున్నాం. అచ్చయింది కదా అని ప్రతి మాటకూ తలూపకుండా, దాని పేజీ మీదే జవాబు రాయడం మనకు అలవాటు కావాలి. పైగా కళ్ళకద్దుకున్న ఆ పుస్తకమే ఏప్రిల్‌లో కాటా మీద పడుకుంటుంది, అప్పుడు సరస్వతి గుర్తురాదు!

ఇంతకన్నా బరువైన అభ్యంతరం మన లోపలే ఉంది. చేతిపని అంటే మనలో చాలామందికి ఇష్టం ఉండదు. కుండ, చెప్పు, డప్పు, చేట, మగ్గం ఇవన్నీ మనవాళ్ళ చేతుల్లోంచే వచ్చాయి. ఆ పనులకే కులం అంటగట్టి, ఆ పేర్లనే తిట్లుగా చేశారు. ఆ పని నుంచి తప్పించడానికే మనల్ని ట్రంకు పెట్టెతో హాస్టల్‌కు పంపారు. మళ్ళీ జిగురు, కత్తెర పట్టమంటే నాన్న ఏమనుకుంటాడు? ఒక ఇంటర్ తమ్ముడు ఈ ప్రశ్న సూటిగానే అడిగాడు. న్యాయమైన ప్రశ్న. మా జవాబు ఇది. చేతిపని తక్కువది కాదు, దాన్ని ఒక్కరికే కట్టేసి మిగతావాళ్ళు ముట్టుకోకపోవడం తప్పు. చేతులకు పని తెలిసినవాళ్ళకు పుస్తకం ఇవ్వలేదు, పుస్తకం ఉన్నవాళ్ళు చేతులకు మట్టి అంటనివ్వలేదు. కంచ ఐలయ్య గారు 2007లో పిల్లల కోసం 'టర్నింగ్ ద పాట్, టిల్లింగ్ ద ల్యాండ్' అనే పుస్తకం రాశారు. కుమ్మరి, తోలుపని చేసేవారు, చాకలి, మంగలి, నేతగాడు ఎంత శాస్త్రం తెలిసినవాళ్ళో అందులో చెప్పారు. గోండు చిత్రకారిణి దుర్గాబాయి వ్యామ్ బొమ్మలు వేశారు. ఇంగ్లీషు చదవగలిగిన సీనియర్లు దాన్ని సంపాదించి చిన్నవాళ్ళకు తెలుగులో చెప్పాలి.

రకరకాల వస్తువులు కలిపి చేసే కళను ఆర్టు కాలేజీల్లో మిక్స్‌డ్ మీడియా అంటారు. మన అమ్మమ్మలు పేరు పెట్టకుండానే చేశారు. పాత చీరలన్నీ పరిచి కుట్టిన బొంత అంటే ఏమిటి? పాత కాగితాలు నానబెట్టి, మెంతులు కలిపి రోట్లో దంచి, ఆ గుజ్జును వెదురు చేటలకు, గంపలకు అలికేవారు. సందులు పూడిపోయి నూక కూడా జారేది కాదు. చేర్యాలలో నకాషీ చిత్రకారులు ఖద్దరు గుడ్డకు చింతగింజల జిగురు, గంజి, సుద్దమట్టి పూసి, ఆరిన తర్వాత దానిమీద కథలు గీస్తారు. కొబ్బరి చిప్ప మీద రంపపు పొట్టు, చింతగింజల జిగురు కలిపి ముఖాలు చేస్తారు. కొండపల్లి బొమ్మల చేతులూ కాళ్ళూ అతికేదీ ఇలాంటి మక్కుతోనే. బజారులో గెస్సో అని డబ్బాల్లో అమ్మే తెల్ల పూతకు, చేర్యాల గుడ్డకు వేసే పూతకు పనిలో తేడా లేదు. కాబట్టి మెరుపు స్టిక్కర్లు, రంగు టేపులు ఉన్న కిట్లు కొనే పని మనకు లేదు. అవి లేకపోతే కళ రాదన్నట్టు చూపించే వీడియోలను మేము నమ్మం.

చేసే పద్ధతి కొంచెం వివరంగా రాస్తాం, ఎందుకంటే మొదటి ఆదివారం మూడు పుస్తకాలు ఊడిపోయాయి. కుట్టు బైండింగ్ ఉన్నదే తీసుకోవాలి. మధ్యకు తెరిస్తే దారం కనబడాలి. గైడ్లు గమ్‌తో అంటించినవి, వాటిని పేజీలు చింపి వాడుకోవడానికే ఉంచండి. అందరికంటే బాగా నిలిచేది పాత డైరీ, పాత లెడ్జరు. మనం అంటించే కొద్దీ పుస్తకం ఉబ్బి అట్ట మూతపడదు కాబట్టి ముందే ప్రతి నాలుగు ఆకుల్లో ఒకటి తీసేయాలి. మొదలంటా లాగకూడదు. లాగితే దాని జత ఆకు అవతలి వైపు ఊడి వస్తుంది. కుట్టు దగ్గర అంగుళం అంచు వదిలి స్కేలు ఆనించి చింపాలి. మిగిలిన ఆకులను రెండేసి కలిపి అంటిస్తే తడికి, రంగుకు తట్టుకుంటాయి.

జిగురు కొనక్కర్లేదు. మైదా ఉడికించినది వెంటనే పనికొస్తుంది గానీ బొద్దింకలు మరుగుతాయి. బైండింగ్ చేసేవాళ్ళు అందులో మైలతుత్తం కలుపుతారు, అది విషం, హాస్టల్లో వద్దు. మన మెస్‌లో చారుకు, పులుసుకు వాడే చింతపండు గింజలు రోజూ పారేస్తున్నారు. వంట అక్కలను అడిగి దాచుకోండి. గింజలు వేయించి, పైతొక్క తీసి, రాత్రంతా నానబెట్టి, మెత్తగా రుబ్బి, నీళ్ళతో ఉడికిస్తే గట్టి జిగురు. పేజీల మధ్య పాలిథిన్ కవరు ముక్క పెట్టి రాత్రి ట్రంకు పెట్టె కింద ఉంచితే ముడతలు పడకుండా ఆరుతుంది. రంగులకు పసుపు, ఎర్రమట్టి, బొగ్గు, బట్టలకు వేసే నీలిమందు చాలు. పసుపులో సున్నం కలిపితే ఎరుపు వస్తుంది. ఒక్క పసుపు మాత్రం ఎండకు వెలిసిపోతుంది, లోపలి పేజీలకే వాడండి.

ఏం అంటించాలన్నది ఎవరికి వారే తేల్చుకోవాలి. ఊరి నుంచి వచ్చిన బస్సు టికెట్టు, అమ్మ పాత చీర అంచు, ఇంటి నుంచి వచ్చిన పచ్చడి డబ్బాకు కట్టిన గుడ్డ, నాన్న కూలి లెక్క రాసిన చీటీ... ఒక తమ్ముడు పాత డైరీలో వరుసగా తారీఖుల కింద ఇంటికి ఫోను చేసిన రోజులు మాత్రమే వదిలి మిగతా పేజీలన్నీ నల్లగా పూసేశాడు. ఆ పుస్తకం చూసిన తర్వాత మా వాళ్ళలో ఒకరు చాలాసేపు మాట్లాడలేదు. ఒక హెచ్చరిక: కుల ధ్రువపత్రం, టీసీ, మార్కుల మెమో అసలువి అంటించవద్దు. జిరాక్సు అంటించుకోండి. తర్వాత తహసీల్దారు ఆఫీసు చుట్టూ తిరిగేది మీరే.

మార్కుల సంగతి కూడా చెప్పాలి. పదో తరగతి వాళ్ళు పరీక్షలు అయ్యేదాకా దీని జోలికి రావద్దు, నిర్మొహమాటంగానే చెబుతున్నాం. మిగతావాళ్ళకు ఆదివారం మధ్యాహ్నం రెండు గంటలు చాలు. స్టడీ అవర్ ముట్టుకోనక్కర్లేదు. ఇది ఆడపిల్లల పని అని నవ్వేవాళ్ళకు జవాబు చెప్పి కాలం వృథా చేసుకోం.

మేము పట్టుబట్టి చెప్పేది ప్రాజెక్టు వర్కుల గురించి. బడిలో ప్రాజెక్టు అనగానే థర్మాకోల్, చార్టులు, స్కెచ్ పెన్నులు, రంగు కాగితాలు. ఇంటి దగ్గర నుంచి వచ్చే పిల్లలు కొనుక్కుంటారు. హాస్టల్ పిల్లలు జేబు తడుముకుని, పక్కవాడి దానిలో పేరు కలపమని బతిమాలుతారు. మా రోజుల్లో ఇలా వెనక బెంచీలో తల దించుకున్నవాళ్ళు చాలామంది. మెరిసే థర్మాకోల్ గుడి కన్నా, నీటి చక్రం గురించి పాత సైన్సు పుస్తకం పేజీల్లోనే కిటికీలు కోసి, మన ఊరి చెరువును అందులో కూర్చోబెట్టిన మారు పుస్తకం ఎక్కువ మార్కులకు అర్హం కాదా? ఉపాధ్యాయులు కొనుక్కొచ్చిన వస్తువుకు మార్కులు వేయడం మానాలి. మన వార్షికోత్సవ ప్రదర్శనలో కూడా వచ్చే ఏడాది నుంచి థర్మాకోల్ నమూనాలకు పెట్టే ఖర్చు సగం తగ్గించి ఒక బల్ల వీటికి ఇవ్వాలని వార్డెన్ గారిని, కమిటీని కోరుతున్నాం.

ముట్టుకోకూడనివి కూడా ఉన్నాయి. లైబ్రరీ ముద్ర ఉన్న పుస్తకం, వచ్చే ఏడాది చిన్నవాళ్ళకు పనికొచ్చే పాఠ్యపుస్తకం, నిఘంటువు, ఇంకొకరి నోట్సు. పోటీ పరీక్షల పుస్తకాలు ఎంత పాతవైనా ముందు సీనియర్లకు చూపించాలి. ఏది కోయవచ్చో తేల్చడానికి ఇద్దరు విద్యార్థులు, లైబ్రరీ చూసే ఒకరు కలిసి మార్చి నెలలోనే మోపు విడదీస్తే కాటా ఆయన వచ్చేసరికి గొడవ ఉండదు. పూర్వ విద్యార్థులు జనవరిలో వచ్చే డైరీలు రాయకుండా ఇంట్లో పడేస్తుంటారు. ఏడాది తిరిగాక అవి ఇక్కడికి తెచ్చి ఇవ్వండి.

పూర్తయిన పుస్తకాలు ఎక్కడ పెట్టాలన్నది మిగిలింది. గోడకు వేలాడదీయవద్దు, ప్రదర్శన అయ్యాక స్టోరు రూములో పడేయవద్దు. మన హాస్టల్ లైబ్రరీలో ఒక అర ఖాళీ చేసి వాటిని అక్కడ పెట్టాలి. మిగతా పుస్తకాల్లాగే వీటికీ నంబరు వేసి రిజిస్టరులో ఎక్కించాలి. రచయిత అనే గడిలో చేసిన విద్యార్థి పేరు, తరగతి రాయాలి. అడిగినవాళ్ళకు వారం రోజులకు ఇవ్వాలి. తిరిగి ఇచ్చేటప్పుడు ఏమైనా ఊడిపోయి ఉంటే తీసుకెళ్ళినవాళ్ళే చింతగింజల జిగురుతో అంటించి ఇవ్వాలి.