‘అమ్మలా చూసుకునేవారు కావలెను’.. మరి జీతం?

క్యాంపస్ డ్రైవ్‌లు, గ్రూప్స్, బ్యాంకు పరీక్షలు.. ఈ పేజీ తిరగేసే మీకు ఇవి రోజూ ఉండే మాటలే. ఇవాళ మాత్రం ఏ నోటిఫికేషన్‌లోనూ రాని ఒక ఉద్యోగం గురించి మాట్లాడుకుందాం. హైదరాబాద్‌లో కొండాపూర్, మణికొండ, నల్లగండ్ల వైపు పెద్ద అపార్ట్‌మెంట్ల వాట్సాప్ గ్రూపుల్లో తరచూ కనిపించే ప్రకటన ఇలా ఉంటుంది: ‘రెండు నుంచి నాలుగేళ్లలోపు పిల్లలు ముగ్గురు. మూడు కుటుంబాలు కలిసి ఒక మనిషిని పెట్టుకుంటున్నాం. ఉదయం 9 నుంచి సాయంత్రం 6.30 వరకు. చదువుకుని, ఇంగ్లిష్ వచ్చి, ఓపిక ఉండి, పిల్లల్ని అమ్మలా చూసుకునేవారు కావలెను.’ జీతం ఎంతో రాయరు. రాసినా, అంట్లు తోమే మనిషికి ఇచ్చేదానికన్నా ఓ రెండు వేలు ఎక్కువ ఉంటుంది, అంతే. నెల తర్వాత అదే ప్రకటన మళ్లీ వస్తుంది, ‘అర్జెంట్’ అన్న మాట చేర్చి.

మనుషులు దొరకట్లేదని వాళ్ల బాధ. దొరకాలంటే అది ఉద్యోగంలా ఉండాలి కదా అని నా వాదన.

ముందు వాళ్ల అవసరం సంగతి చూద్దాం, అది నిజమైనదే. ఇద్దరూ ఉద్యోగస్తులు. అమ్మమ్మో నాయనమ్మో ఊళ్లో ఉంటారు, వచ్చినా నాలుగు నెలలకు మించి ఉండలేరు. ప్రసూతి సెలవు 26 వారాలు. ప్లేస్కూల్ అంటే మూడు గంటల ముచ్చట, మధ్యాహ్నానికి బిడ్డ ఇంటికొచ్చేస్తుంది. 50 మంది, అంతకు మించి ఉద్యోగులున్న సంస్థ క్రెష్ సౌకర్యం కల్పించాలని 2017లో ప్రసూతి ప్రయోజనాల చట్టానికి చేసిన సవరణ చెప్పింది. కానీ ఇల్లు నిజాంపేటలో, ఆఫీసు గచ్చిబౌలిలో ఉంటే ఆ ట్రాఫిక్‌లో రెండేళ్ల బిడ్డను రోజూ ఎంతమంది తిప్పగలరు? అందుకే రెండు మూడు కుటుంబాలు కలిసి, ఒకరింట్లో ఒకే మనిషితో పిల్లల్ని చూపించుకుంటున్నాయి. అమెరికాలో దీన్నే నానీ షేర్ అంటారు. ఖర్చు పంచుకుంటారు, పిల్లలకు తోడు ఉంటుంది. సరైన మనిషి దొరక్కపోతే మాత్రం ముగ్గురు తల్లుల్లో ఒకరు ఉద్యోగం మానేస్తారు. తండ్రి మానేశాడని నేనింతవరకు వినలేదు.

మరి ‘అర్హత ఉన్న మనిషి’ అంటే ఎవరు? ఇంగ్లిష్‌లో రైమ్స్ చెప్పేవారా? ఈ అర్థం పట్టుకునే చాలామంది తల్లిదండ్రులు తప్పు మనిషిని ఎంచుకుంటున్నారు. పిల్లల మెదడు ఎదుగుదలలో 85 శాతానికి పైగా ఆరేళ్లలోపే జరిగిపోతుందని జాతీయ విద్యా విధానం-2020 చెబుతోంది. మూడు నుంచి ఎనిమిదేళ్ల వయసును ఒకే పునాది దశగా పెట్టిందీ అందుకే. ఆ వయసు పిల్లలతో పనిచేయడానికి విడిగా ఒక తర్ఫీదు ఉంది. రెండేళ్ల బిడ్డ పక్క పిల్లాణ్ని కొరికితే అది దుడుకుతనం కాదు, చెప్పడానికి మాటలు రాక చేసే పని అని తెలియాలి. ద్రాక్షపండును నిలువుగా నాలుగు ముక్కలు కోసి పెట్టాలి, పల్లీలు గింజలుగా ఇవ్వకూడదు, అవి గొంతుకు అడ్డం పడతాయి అని తెలియాలి. అడ్డం పడితే ఏం చేయాలో చేతులకు అలవాటై ఉండాలి. 108కి ఫోన్ చేసి అంబులెన్స్ వచ్చేదాకా చూస్తూ కూర్చునే సమయం అప్పుడుండదు. ముగ్గురికీ మూడు నిద్ర వేళలున్నప్పుడు రోజును ఎలా నడపాలో ప్లాన్ ఉండాలి. ఇవేవీ ‘ఆడపిల్లవి కదా, నీకు తెలియనిదా’ అంటే వచ్చేవి కావు.

నేర్చుకునే దారులు మనకు ఉన్నాయి. ఇంటర్ పాసైనవారికి ఇగ్నోలో పూర్వ బాల్య సంరక్షణ, విద్యలో ఏడాది డిప్లొమా ఉంది. దూరవిద్య కాబట్టి డిగ్రీ అయ్యాక ఇంట్లో ఉండీ చేయొచ్చు. ప్రీస్కూల్ విద్యలో రెండేళ్ల డిప్లొమాకు ఎన్‌సీటీఈ నిబంధనలు ఉన్నాయి, కాబట్టి చేరేముందు ఆ సంస్థకు గుర్తింపు ఉందో లేదో చూసుకోండి. హోమ్ సైన్స్‌లో (ఇప్పుడు కమ్యూనిటీ సైన్స్ అంటున్నారు) మానవ వికాసం చదివినవారు, సైకాలజీ డిగ్రీ చేసి ‘తర్వాతేంటి’ అని ఆగిపోయినవారు సగం దారిలో ఉన్నట్టే. ప్రథమ చికిత్స శిక్షణ రెడ్ క్రాస్, సెయింట్ జాన్ అంబులెన్స్ లాంటి సంస్థలు ఇస్తాయి. కోర్సు ఏదైనా చేరేముందు ఒక్క ప్రశ్న అడగండి: పిల్లల మధ్య కూర్చుని పనిచేసే ప్రాక్టికల్స్ ఎన్ని వారాలు? దానికి సూటిగా జవాబు రాకపోతే ఆ సర్టిఫికెట్ గోడకు తగిలించుకోవడానికే.

అసలు అనుభవం మాట వస్తే మన అంగన్‌వాడీ టీచర్లను మించినవారు ఎవరున్నారు? ఐసీడీఎస్ మొదలై 1975 నుంచి ఇన్నేళ్లయినా వాళ్లకిచ్చేదాన్ని ఇప్పటికీ ‘గౌరవ వేతనం’ అనే అంటారు, జీతం అనరు. గ్రాట్యుటీ వాళ్లకూ వర్తిస్తుందని 2022లో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. ఆ మరుసటి ఏడాది డిసెంబరులో ఆంధ్రప్రదేశ్‌లో అంగన్‌వాడీలు మొదలుపెట్టిన సమ్మె నెల దాటింది. పిల్లల పని అనగానే గౌరవం ఎక్కువ, వేతనం తక్కువ అన్న లెక్క ప్రభుత్వం నుంచి ఫ్లాట్ నంబర్ 504 దాకా ఒక్కటే. ‘అమ్మలా’ అన్న మాట నాకు నచ్చనిది ఇందుకే. అమ్మకు జీతం ఇవ్వం కదా!

ఇప్పుడు లెక్క చూడండి. మూడు కుటుంబాలు తలా తొమ్మిది వేలు వేసుకున్నాయనుకుందాం. మొత్తం 27 వేలు. ఒక్కో ఇంటికి అది భారం కాదు, డిప్లొమా చేసిన ఓ అమ్మాయికి మాత్రం నిలబడగలిగే జీతం. కలిసి పెట్టుకోవడంలో ఉన్న లాభమే ఇది: ఒక్క ఇల్లు ఇవ్వలేని జీతం మూడు ఇళ్లు ఇవ్వగలవు. కానీ చాలాచోట్ల జరిగేదేంటంటే, ఒకరింటి జీతాన్నే ముగ్గురూ పంచుకుని, పని మాత్రం మూడింతలు చేస్తారు. కంపెనీలో ఒకరి జీతంతో ముగ్గురి ప్రాజెక్టులు చేయించుకుంటామంటే మనం ఊరుకుంటామా? ఊరుకోక ఏం చేస్తాం అంటారా, అది వేరే వ్యాసం.

ఇంకో చిక్కు, ముగ్గురు మేనేజర్లు. ఒకరు గుడ్డు పెట్టమంటారు, ఒకరింట్లో గుడ్డు ముట్టరు. ఒకరు టీవీ అసలు వద్దంటారు, ఇంకొకరు అన్నం తినేటప్పుడు ఫోన్ ఇవ్వమంటారు. ఒకరి బిడ్డకు జ్వరమొస్తే మిగతా ఇద్దరి సంగతేంటి? ఒక కుటుంబం బెంగళూరుకు మారిపోతే వాళ్ల వాటా ఎవరు కడతారు? ఇవన్నీ మనిషిని వెతకడానికి ముందే కుటుంబాలు కూర్చుని ఒక కాగితం మీద రాసుకోవాల్సిన విషయాలు. నాకు తెలిసి ఇలాంటి ఏర్పాట్లు విడిపోయేది ఆయా వల్ల కాదు, ఈ కాగితం లేకపోవడం వల్ల. మీరు ఇంటర్వ్యూకి వెళ్తే ఆ కాగితం చూపించమని అడగండి. లేదంటే ఆలోచించుకోండి.

ఇంటర్వ్యూ అంటే వాళ్లు మిమ్మల్ని అడిగేదీ ఉంటుంది. మంచి ప్రశ్న వేసే తల్లిదండ్రులు ఇలా అడుగుతారు: ‘పాపకు ఒళ్లు కాలుతోంది, బాబు నిద్రలో ఉన్నాడు, మూడో బిడ్డ ఏడుస్తోంది, పాప తల్లి ఫోన్ ఎత్తట్లేదు. ఏం చేస్తారు?’ దీనికి ‘జాగ్రత్తగా చూసుకుంటానండీ’ అనేది జవాబు కాదు. పాపను వేరుగా పడుకోబెట్టి జ్వరం చూసి టైమ్‌తో సహా రాసిపెడతాను, రెండో నంబరుకు చేస్తాను, ముందే రాసివ్వకపోతే మందు వేయను, ఏడుస్తున్న బిడ్డను నా కళ్లముందే ఉంచుకుంటాను.. ఇలా వరుసగా చెప్పగలిగితే మీ డిగ్రీ ఏదని ఆ తర్వాత ఎవరూ అడగరు. రెండు మూడు రోజులు తల్లిదండ్రుల్లో ఒకరు ఇంట్లో ఉండగా ట్రయల్ పెడతారు. ఆ రోజులకూ డబ్బులు ఇవ్వాలి. పోలీస్ వెరిఫికేషన్ అడిగితే నొచ్చుకోకండి, ఐటీ కంపెనీలూ బ్యాక్‌గ్రౌండ్ చెక్ చేస్తాయి. కెమెరా ఉంటే ఎక్కడ ఉందో ముందే చెప్పమనండి. మీరు కూడా వాళ్ల దగ్గర ఇంతకుముందు పనిచేసిన మనిషితో ఒకసారి మాట్లాడతానని అడగొచ్చు, అందులో తప్పేం లేదు.

అబ్బాయిలకు ఇందులో చోటుందా అని ఒక తమ్ముడు అడిగాడు. ఇళ్లల్లో కష్టమే, అబద్ధం చెప్పను. తల్లిదండ్రులు భయపడతారు, ఆ భయానికి కారణాలున్నాయి. ప్రీస్కూళ్లు, డేకేర్లలో నలుగురి మధ్య పని కాబట్టి అక్కడ ప్రయత్నించవచ్చు.

ఇది జీవితాంతం చేసే పనా అని మీ ఇంట్లో అడుగుతారు. కాకపోవచ్చు. రెండేళ్లు ముగ్గురు పిల్లల్ని చూసుకుని, ఆ అనుభవంతో ప్రీస్కూల్ టీచర్‌గానో సొంతంగా చిన్న డేకేర్‌తోనో ముందుకెళ్లొచ్చు. ‘పిల్లల్ని చూసుకోవడానికా నిన్ను డిగ్రీ చదివించింది’ అనే మాటకు మాత్రం నా దగ్గర మందు లేదు. చేతిలో అపాయింట్‌మెంట్ లెటర్ ఉంటే ఆ మాట కొంచెం తగ్గుతుందేమో.

అందుకే ఆ లెటర్ అడగండి. ఒక పేజీ చాలు. పని గంటలు, 6.30 దాటితే గంటకు ఎంత, వారానికి ఎన్ని సెలవులు, జీతం ఏ తారీఖున, ఎవరి ఖాతా నుంచి, మానిపించాలన్నా మానాలన్నా ఎన్ని రోజుల ముందు చెప్పాలి, రాత్రి ఆలస్యమైతే ఇంటికి క్యాబ్ ఎవరు పెట్టాలి. వంట, ఇల్లు ఊడ్చడం మీ పనిలో లేవని కూడా రాయించుకోండి, లేదంటే రెండో వారానికే చీపురు చేతికొస్తుంది. ఇంకొకటి, అందరూ మర్చిపోయేది: సంక్రాంతికి మూడు కుటుంబాలూ వారం రోజులు ఊరెళ్తాయి, ఎండాకాలంలో అమ్మమ్మ ఇంటికి నెల పాటు పిల్లల్ని పంపుతారు. పిల్లలు లేని ఆ రోజులకు జీతం కోస్తారా, ఇస్తారా? చేరే రోజే అడిగి, జవాబు ఆ కాగితం మీద రాయించుకోండి.