ఆప్షన్లు పెట్టే ముందు ఒక్క పేజీ చూపించండి

కాళోజీ నారాయణరావు ఆరోగ్య విశ్వవిద్యాలయం వైస్ ఛాన్సలర్ గారికి,

అయ్యా,

మాది ఎల్లారెడ్డి. నీట్ రాసిన మా బిడ్డ వెబ్ ఆప్షన్ల కోసం నోట్‌బుక్‌లో కాలేజీల పేర్లు వరుసగా రాస్తది, చెరుపుతది, మళ్లీ రాస్తది. రబ్బరు రుద్ది రుద్ది కాగితం చిరిగింది. ఉస్మానియా వైద్య కళాశాల 1846 నాటిది, దాని గురించి ఎవరినడిగినా చెబుతారు. మన కామారెడ్డి ప్రభుత్వ వైద్య కళాశాల 2023లో 100 సీట్లతో మొదలైంది. నిజామాబాద్ కాలేజీ దానికన్నా పదేళ్లు పెద్దది. దగ్గరని ఒకటి ముందు పెట్టాలా, పాతదని ఇంకొకటా? మాకున్న ఆధారం కిందటేటి ర్యాంకులు, తెలిసినవాళ్ల మాటలు, అంతే.

వైద్యం పుస్తకంతోనే వచ్చే చదువు కాదు. రోగి మంచం పక్కన నిలబడి, సార్ చెబుతుంటే నాడి పట్టి నేర్చుకోవాలి. అందుకే వెబ్ ఆప్షన్లు తెరిచే ముందే ప్రతి కాలేజీ గురించి తెలుగులో, ఒక్కచోట ఒక పేజీ పెట్టించండి. ఏ విభాగంలో ఎందరు అధ్యాపకులున్నారు, ఆసుపత్రికి రోజూ ఎందరు రోగులొస్తారు, అనాటమీకి మృతదేహాలున్నాయా, ఆడపిల్లలకు హాస్టల్ ఉందా, ఇవి చాలు.

మా జిల్లాకు కాలేజీ రావడం మా అదృష్టం. ఉన్నది ఉన్నట్టు చెబితే పిల్లలు నమ్మకంతో చేరతారు, లోటుంటే అడిగి పూడ్పించుకుంటాం.

ఇట్లు,
ఒక తండ్రి, ఎల్లారెడ్డి, కామారెడ్డి జిల్లా