కోటలోని యూరు

"మీ సీమలో చూడదగిన స్థలమేది?" అని పరస్థలమువా రడిగినచో ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతముల విద్యార్థులలో పెక్కండ్రు తడుముకొనక గండికోట పేరు చెప్పుదురు. సంతోషమే. కాని "అచ్చట మీరు చూచిన దేమి?" అని మరల నడిగిన, "పెన్నేటి లోయ" యని యొక్క మాట చెప్పి యూరకుందురు. ఆ యొక్కమాట చాలదనియు, లోయకంటెను కోటకంటెను ముందుగా మనము కాపాడవలసినది వేఱొకటి యచ్చట కలదనియు నా యభిప్రాయము. దానినే యీ వ్యాసమున మనవి చేయుచున్నాను.

పెన్నానది నందికొండలలో పుట్టి, అనంతపురము సీమను దాటి, మన జిల్లాలో ప్రవేశించి, జమ్మలమడుగునకు పడమట సుమారు పదునైదు కిలోమీటర్ల దూరమున ఎఱ్ఱమల కొండలను చీల్చుకొని పాఱుచున్నది. ఆ చీలికయే గండి. గండి యొడ్డున నున్న కోట గనుక గండికోట. అచ్చటి బండలు ఒకదానిపై నొకటి పేర్చిన పుస్తకములవలె పొరలు పొరలుగా నుండును. అవి నూఱుకోట్ల సంవత్సరములకు పైబడిన వయస్సు గలవి. ఈ రాతిపొరలకు భూగర్భశాస్త్రజ్ఞులు "గండికోట క్వార్ట్‌జైటు" అని మన యూరి పేరే పెట్టిరి. ఒక చిన్న పల్లె పేరు శాస్త్రగ్రంథముల కెక్కుట సామాన్యమైన సంగతి కాదు.

ఉత్తరమున నది లోయయే కోటకు అగడ్త. మిగిలిన దిక్కుల ఎఱ్ఱని యిసుకరాతితో కట్టిన గోడ కలదు. విజయనగర రాజుల కాలమున పెమ్మసాని నాయకు లీ దుర్గమునకు ప్రభువులు. 1650 ప్రాంతమున గోలకొండ సుల్తాను మంత్రియైన మీర్ జుమ్లా దీనిని వశపఱచుకొనెను. 1652లో జీన్ బాప్టిస్ట్ టావెర్నియే యను ఫ్రెంచి రత్నవర్తకుడు ముత్యములను చూపుటకై యాతని కడకు వచ్చెను. కర్ణాటక రాజ్యమందలి బలిష్ఠమైన పట్టణములలో నిది యొకటి యనియు, కొండ నెక్కు త్రోవ కొన్నియెడల ఏడెనిమి దడుగుల వెడల్పు మాత్రమే గలదనియు నాతడు వ్రాసెను. మీర్ జుమ్లా కాలివ్రేళ్ల సందులను ఎడమచేతి వ్రేళ్ల సందులను జాబు లుంచుకొని, ఒక్కొక్కటిగా తీసి ప్రత్యుత్తరములు చెప్పి వ్రాయించుచుండెనట! మఱియు నొక ఫ్రెంచివాడు ఫిరంగులు పోతపోయుటకై గుళ్లలోని రాగి విగ్రహములను కరగింప బూనగా, గండికోట గుడిలోని యాఱు విగ్రహములు మాత్రము కరగకపోయెనని టావెర్నియే వ్రాసిన మఱియొక ముచ్చట.

పిమ్మట ఈ కోట మైసూరు హైదరాలి చేతిలో బడెను. 1800లో దత్తమండలములతోపాటు ఆంగ్లేయుల యేలుబడిలోనికి పోయెను. కల్నల్ కాలిన్ మెకంజీ గ్రామగ్రామమున వ్రాయించిన కైఫియతులలో గండికోట కైఫియతును కలదు. నేడు కోటలో మాధవరాయని గుడియు, రంగనాథుని గుడియు, జుమ్మా మసీదును, ధాన్యపుటిల్లును, చెఱసాలయు, పావురముల గోపురమును, కత్తుల కోనేరును చూడవచ్చును. గుళ్లలో మూలవిగ్రహములు లేవు, పూజలు లేవు. వీనినన్నిటిని చూచువారు కలరు. వాని నడుమ నున్న యూరిని చూచువారు మాత్రము అరుదు.

కొంతకాలము క్రిందట నేను కొందఱు విద్యార్థులతో గండికోటకు పోయితిని. పిల్లలు లోయ యంచున నిలిచి ఛాయాచిత్రములు తీసికొని, "ఇక పోవుదము సారూ" అని తొందరపెట్టిరి. తిరిగి వచ్చుచు దాహమునకై యొక యింటి ముందర నిలువగా నొక ముసలమ్మ చెంబుతో నీళ్లిచ్చి, "అందురూ గండి జూసి పొయ్యేటోళ్లే నాయనా, మా ఊర్ని జూసేదెవురు?" అనెను. నేను మాఱు పలుకలేకపోతిని. ఆ యవ్వ యింటి గోడలో మునుపెన్నడో చెక్కిన రాయి యొకటి యుండెను. దాని కథ యేమని యడిగితిని. తన యత్త చెప్పినదని యేదో చెప్పెను గాని సగము మఱచితి ననెను. ఆమె మఱచిన యా సగమును ఇక నే కైఫియతును మనకు చెప్పజాలదు.

ఊరి నూరిగా గౌరవించుట యెట్లో టావెర్నియే పుట్టిన దేశమునుండియే నేర్చుకొనవచ్చును. ఫ్రాన్సు నడిమి భాగమున కొరెజ్ సీమలో కొలోంజ్-లా-రూజ్ అను చిన్నయూరు కలదు. మన గండికోటవలెనే దాని యిండ్లును కోవెలయు ఎఱ్ఱని యిసుకరాతితో కట్టబడినవి. కొండసీమల పల్లెలనుండి జనము పట్టణములకు పోవగా, అచ్చటి యనేక గ్రామములు పాడువడు స్థితికి వచ్చినవి. అప్పు డా యూరి మేయరు షార్ల్ సెయిరాక్ అను నాతడు పూనుకొని 1982లో "ఫ్రాన్సునందలి మిక్కిలి యందమైన గ్రామములు" అను సంఘమును స్థాపించెను. అందు చేరుటకు ముఖ్య నియమములు మూడు. ఊరి జనసంఖ్య రెండువేలకు మించరాదు. ప్రభుత్వ రక్షణ గల కట్టడములో స్థలములో కనీసము రెండుండవలెను. మూడవది, చేరుదుమని యూరి సభవారే తీర్మానింపవలెను. రెండవ నియమమున గండికోట యే ఫ్రెంచి పల్లెకును తీసిపోదు. నన్నాకర్షించినది మూడవ నియమము. ఊరి గొప్పతనమును గూర్చి మొదట నోరు తెఱవవలసినవారు ఊరివారే యని దాని భావము. మనయెడ జరుగుచున్నది దీనికి విరుద్ధము. ప్రణాళికలు పట్టణములలో సిద్ధమగును. ఊరివారికి తెలియునది చిట్టచివరకు.

"ఊరు లోపల నుండుటచేతనే కోట పాడగుచున్నది, పాతరాళ్లు గోడలకు పట్టుకొనిపోవుదురు, పశువులు తిరుగును, జనమును వెలుపలికి పంపిన కోట శుభ్రముగా నుండును" అని కొందఱు వాదింతురు. ఇందు కొంత నిజము లేకపోలేదు. కాని గోడలపై పేళ్లు చెక్కువారెవరు? లోయ యంచున సీసాలు పగులగొట్టువారెవరు? ఊరివారు కారు, ఒకపూట చూచి పోవు మనబోటివారే. మఱియు రాయలసీమలో మనుష్యసంచారము లేని పాతగుళ్లకు పట్టు గతి యెల్లరకు తెలిసినదే. నిధు లున్నవను భ్రమచే గర్భగృహములను త్రవ్వువారు రాత్రివేళ వచ్చెదరు. దీపము వెలుగు నిల్లొకటి దాపున నున్నచో అట్టివారికి జంకు కలుగును. పులివెందుల దాపున పాపఘ్ని కొండలను చీల్చిన చోటను గండి యనియే పేరు. అచ్చటి వీరాంజనేయుని గుడి నేటికిని కళకళలాడుచున్నది. కారణమేమి? జనమా స్థలమును విడువలేదు. జనము విడిచిన కట్టడము ఎంత తుడిచినను కట్టడమే గాని స్థానము గాదు.

అయినను ఊరివారిపై మోపిన బరువును మన మెఱుగవలెను. 2010లో సవరింపబడిన చట్టము ప్రకారము రక్షిత కట్టడమునకు నూఱు మీటర్లలోపల క్రొత్త కట్టుబడి నిషేధము; ఆపై రెండువందల మీటర్లవఱకు అనుమతి లేనిదే కట్టరాదు. చట్టము మంచిదే. కాని కట్టడముల నడుమ కాపురముండు కాపువానికి కూలిన గోడ నెత్తుటకును, పిల్లల పెండ్లికి గది యొకటి వేయుటకును ఆ కొలతలే అడ్డు. చూడవచ్చిన మనకు కనులపండువు, కాపాడువానికి కాగితముల తిరుగుడు! ఇది న్యాయము గాదు. 2024లో కేంద్రప్రభుత్వము గండికోట యభివృద్ధికి సుమారు 78 కోట్ల రూపాయలు మంజూరు చేసినది. ఆ ధనముతో వెలయు బసలలోను బజారులలోను మొదటి కొలువులు ఊరి పిల్లలకు దక్కవలెననియు, ఇండ్ల మరమ్మతునకు అనుమతులు ఊరిలోనే దొరకవలెననియు నేను కోరుచున్నాను. అట్లైన వారు ఊరు విడిచి పోవరు. పోనిచో కోటయు నిలుచును.

ఊరు పోయిన పిమ్మట వగచిన ఫలము లేదు. గండికోట జలాశయమున 26.85 టి.ఎం.సి.ల నీరు నింపుటకై 2020లో తాళ్లప్రొద్దుటూరు ఖాళీ చేయబడెను. కఱవుసీమకు నీరు ప్రాణమని యెఱుగనివాడను గాను. ఆ నీరు వలదని నేననను. కాని ఆ యూరి రచ్చబండ మాటలు, పొలముల పేళ్లు, బావుల కథలు ముందుగానే వ్రాసి యుంచిన వారెందఱు? పరిహారపు పట్టికలో ఇంటికి వెల కట్టుదురు, చెట్టునకు వెల కట్టుదురు; ముసలివారి జ్ఞాపకములకు గడి యుండదు.

కావున విద్యార్థులారా! మీకు నేను చెప్పునది పెద్దపని గాదు. ఈ సెలవులలో గండికోటకే పోనక్కఱలేదు; మీ మీ యూళ్లలోనే యుండుడు. మీ యవ్వను, తాతను కూర్చుండబెట్టి, ఊరి పేరెట్లు వచ్చెనో, చెఱువు త్రవ్వించినవారెవరో, ఏ పొలమున కే పేరో, ఏ కఱవున నేమి తినిరో యడిగి, వారు చెప్పిన మాటలలోనే యొక నోటుపుస్తకమున వ్రాయుడు. తేదీ వేయుడు. గండికోటకు పోయినవారు గోడపై పేరు వ్రాయక, ఊరిలోని కొక్కసారి నడచి, అచ్చటి యవ్వల మాటలు వ్రాసికొని రండు. కల్నల్ మెకంజీ విదేశీయుడయ్యును మన పల్లెల చరిత్రను రెండువందల యేండ్ల క్రిందట వ్రాయించెను. ఆ పుస్తకములోని తరువాతి పుటలు ఖాళీగా నున్నవి. వానిని నింపవలసినవారు మీరే.